పర్లాకిమిడి ఇంట్లో రాని మెయిళ్లు: ఒక కేస్ స్టడీ

ఇంట్లో ఏదైనా తేడా వస్తే హోమ్ ఆటోమేషన్ నుంచి మెయిల్ రావాలి. కొన్ని వారాలు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదు ఇదీ. ఇలాంటప్పుడు అందరి చేతులూ ముందు పాస్‌వర్డ్ మీదికే పోతాయి. పాస్‌వర్డ్ తప్పయితే ఒక్క మెయిలూ పోకూడదు కదా, మధ్యలో ఈ రావడం పోవడం ఏమిటి? ఆ ప్రశ్న వేసుకోకుండా పాస్‌వర్డ్‌లు మారుస్తూ పోవడం వల్ల ఈ కేసు నెలల తరబడి నలిగింది.

ఇల్లు ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో. టీచరుగా రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఇద్దరే ఉంటారు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి విశాఖపట్నంలో. సరిహద్దు ఊరు కదా, ఇంట్లో మాట తెలుగు, కరెంటు బిల్లు మీద ఒడియా, ఆస్పత్రి పని పెద్దదైతే అటు బరంపురం, కాదంటే ఇటు శ్రీకాకుళం, విశాఖ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాను అతలాకుతలం చేశాక ఇన్వర్టర్ పెట్టించుకున్నారు. ఆ తర్వాత అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు ఆటోమేషన్ మొదలుపెట్టాడు. పేర్లు, వీధి నేను రాయడం లేదు. మిగతాది వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను.

ఏర్పాటు పెద్దదేమీ కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (ఇకముందు ఉత్తినే 'పై' అన్నా ఇదే), దాని మీద మామూలు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, అందులో డాకర్ కంటైనర్‌గా (ప్రోగ్రామ్‌ని విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే పద్ధతి) హోమ్ అసిస్టెంట్, అంటే సెన్సర్లనూ స్విచ్‌లనూ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్. మేడ మీద ట్యాంకులో నీటి మట్టం చూసే సెన్సర్, మోటారుకి రిలే, గేటుకి డోర్ సెన్సర్, సూర్యాస్తమయానికి వెలిగి సూర్యోదయానికి ఆరిపోయే గేటు లైటు, ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజీ, కరెంటు ఉందో లేదో చెప్పే ఒక స్మార్ట్ ప్లగ్. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్రిజ్‌లో పెట్టిన టెంపరేచర్ సెన్సర్. అమ్మగారు ఇన్సులిన్ వాడతారు. మూత తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటి అరగంట అలాగే ఉంటే మాస్టారికి, అబ్బాయికి, అమ్మాయికి ముగ్గురికీ మెయిల్ పోవాలని ఆటోమేషన్ రాసి ఉంది.

మెయిల్ పంపడానికి ఇంటి కోసమే తెరిచిన ఒక జీమెయిల్ ఖాతా ఉంది. సర్వర్ జీమెయిల్‌ది, పోర్టు 587, స్టార్ట్‌టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా మార్చే పద్ధతి), యాప్ పాస్‌వర్డ్. 2022 మే 30 నుంచి గూగుల్ ఇలాంటి వాటికి మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం ఆపేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అసలు ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే ఈ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. అబ్బాయికి ఒకసారి అలా జరిగింది కూడా. అందుకే తర్వాత ఎప్పుడు మెయిళ్లు ఆగినా అతని అనుమానం అక్కడికే పోయేది. బెంగళూరు నుంచి కొత్త యాప్ పాస్‌వర్డ్ తీసి పంపేవాడు, పక్కింటి కుర్రాడు దాన్ని కాన్ఫిగరేషన్‌లో పేస్ట్ చేసి రీస్టార్ట్ చేసేవాడు. కొన్నాళ్లకు మెయిళ్లు మొదలయ్యేవి. "చూశారా, పాస్‌వర్డే" అనేవాడు. మందు వేసుకున్నాక జ్వరం తగ్గిందంటే మందు వల్లే తగ్గిందని నమ్మకుండా ఎవరుంటారు?

నన్ను పిలిచింది అమ్మాయి. ఒక రాత్రి ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు. పొద్దున్నే అమ్మగారు చూసేసరికి లోపలంతా నీళ్లు. మూత తీయని ఇన్సులిన్ పారేయాల్సి వచ్చింది. మెయిల్ ఎవరికీ రాలేదు.

ఎక్కడ ఆగింది

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. మెయిల్ రాలేదు అన్న మాటను అలాగే తీసుకోను, ఎక్కడిదాకా వచ్చి ఆగింది అని అడుగుతాను. సెన్సర్ విలువ మారిందా? ఆటోమేషన్ కదిలిందా? మెయిల్ పంపే భాగం సర్వర్‌ని అందుకుందా? సర్వర్ ఒప్పుకుందా? ఇన్‌బాక్స్‌లో పడిందా? పడినా ఫోను చెప్పిందా? వీటిలో ప్రతిదానికీ సాక్ష్యం వేరే చోట దొరుకుతుంది. సెన్సర్‌కి హిస్టరీ గ్రాఫ్, ఆటోమేషన్‌కి ట్రేస్ (అది కదిలినప్పుడు ఏమేం చేసిందో చెప్పే నమోదు), పంపే భాగానికి లాగ్ (జరిగినవీ తప్పులూ తేదీతో రాసుకునే ఫైలు), సర్వర్ ఒప్పుకుందనడానికి జీమెయిల్ సెంట్ ఫోల్డర్. జీమెయిల్ సర్వర్ ద్వారా పంపిన మెయిల్ నకలు ఆ ఖాతా సెంట్‌లో దానంతటదే పడుతుంది. కాబట్టి సెంట్‌లో ఉంటే మెయిల్ ఇల్లు దాటినట్టే, ఆ తర్వాత వెతకాలి. లేకపోతే ఇంట్లోనే వెతకాలి. ఈ ఒక్క చూపుతో సగం వెతుకులాట తగ్గిపోతుంది. చాలామంది ఇది చూడనే చూడరు.

ట్రేస్‌ల విషయంలో ఒక చిన్న చిక్కు. హోమ్ అసిస్టెంట్ ఒక్కో ఆటోమేషన్‌కి చివరి ఐదు ట్రేస్‌లే ఉంచుతుంది. రోజుకి పదిసార్లు కదిలే ఆటోమేషన్ అయితే నిన్నటిది కూడా దొరకదు. ఇలాంటి ఇళ్లలో నేను ముందే ఆ సంఖ్య పెంచి పెడతాను. ఇక్కడ ఎవరూ పెంచలేదు, కానీ ఫ్రిజ్ ఆటోమేషన్ అరుదుగా కదిలేది కాబట్టి దాని ట్రేస్ మిగిలే ఉండాలి.

ముగ్గురినీ అడిగి, రాలేదని వాళ్లు గట్టిగా చెబుతున్న మెయిళ్ల జాబితా రాసుకున్నాను. మాస్టారికి ఒక మంచి అలవాటు ఉంది. కరెంటు పోయిన టైమూ వచ్చిన టైమూ గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే, పెన్సిల్‌తో రాస్తారు. ఏ మీటరూ ఇంత శ్రద్ధగా రాయదు. ఆ క్యాలెండర్ తీసి జాబితా పక్కన పెట్టుకున్నాను.

జాబితా చూసుకుంటూ సెంట్ ఫోల్డర్ తెరిస్తే అవి రెండు రకాలని తేలింది. కొన్ని సెంట్‌లో అసలు లేవు. ఇంకొన్ని మాత్రం శుభ్రంగా పోయాయి, గ్రహీతల పేర్లతో సహా అక్కడ ఉన్నాయి. అంటే వాళ్లు రాలేదంటున్న మెయిళ్లలో కొన్ని వచ్చాయి. రెండు వేర్వేరు జబ్బులా, ఒకే జబ్బుకి రెండు లక్షణాలా అన్నది అప్పటికి తెలియలేదు.

ఇక లాగ్. ఫ్రిజ్ తలుపు రాత్రి తేదీ పెట్టి వెతికితే ఒక్క వరుసా లేదు. ఆ తేదీనే కాదు, దాని తర్వాత కూడా ఏమీ లేదు. చివరి వరుస మీద ఉన్నది పోయిన నెల తేదీ. లాగ్ రాయడమే ఆగిపోయిందా, మెమరీ కార్డు నిండిందా అని ఎవరికైనా అనిపిస్తుంది. డాష్‌బోర్డ్ మీద అబ్బాయి పెట్టిన టెస్ట్ మెయిల్ బటన్ నొక్కాను. లాగ్‌లో వెంటనే కొత్త వరుస పడింది. దాని తేదీ కూడా పోయిన నెలదే.

ఆ వరుసలో ఉన్న ఎర్రర్: సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్, సర్టిఫికెట్ ఈజ్ నాట్ యెట్ వాలిడ్. అంటే సర్వర్ తన గుర్తింపుగా చూపించిన సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని.

గేటు లైటు సంగతి

నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే అమ్మగారు కాఫీ తెచ్చి పెట్టి, మాటల్లో మాటగా అన్నారు: "ఎలాగూ వచ్చావు గనక ఆ గేటు లైటు కూడా చూసెళ్లు నాయనా. రాత్రి ఒంటిగంటకి గానీ వెలగదు, మిట్టమధ్యాహ్నం దాకా ఆరదు. మీ మాస్టారు విసిగిపోయి దాని ప్లగ్గే పీకేశారు."

బల్బు పాడైందనో, స్మార్ట్ స్విచ్ నాసిదనో అనుకుని ఇంట్లో అందరూ దాన్ని వదిలేశారు. అబ్బాయికి చెప్పనే లేదు, లైటుకీ మెయిల్‌కీ సంబంధమేమిటని. ఆ లైటు ఏడు గంటలు ఆలస్యంగా సాయంత్రమైందనుకుంటోంది. సాయంత్రం ఆరింటికి వెలగాల్సింది ఒంటిగంటకి, పొద్దున ఆరింటికి ఆరాల్సింది మధ్యాహ్నం ఒంటిగంటకి. రాస్ప్‌బెర్రీ పైలోని గడియారం చూస్తే 24 రోజుల 7 గంటలు వెనకబడి ఉంది. ఆ ఏడు గంటలే గేటు దగ్గర కనిపిస్తున్నాయి. ఇరవై నాలుగు రోజులు మాత్రం బల్బు చెప్పలేదు కదా.

గడియారం స్థితి చూపించే టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ ఇస్తే, క్లాక్ సింక్రనైజ్డ్ అన్న చోట నో అని ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. పై 5తోనే ఆ చిప్ బోర్డు మీదికి వచ్చింది, దానికీ బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. కరెంటు పోతే పై 4కి కాలం అక్కడే ఆగిపోతుంది. తిరిగి లేచినప్పుడు, ఆగేముందు చివరిసారి రాసిపెట్టుకున్న టైము నుంచే లెక్క మొదలుపెట్టి, ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది. ఇక్కడ అడగడం వరకూ అడుగుతోంది, జవాబే రావడం లేదు. పాత నెట్ కనెక్షన్‌లో రౌటరే టైమ్ సర్వర్‌గా కూడా పనిచేసేది. అందుకని అప్పట్లో దాని చిరునామానే కాన్ఫిగరేషన్‌లో రాశారు. నిరుడు వర్షాకాలంలో కనెక్షన్ మారింది, రౌటర్ పోయి కొత్త ఫైబర్ డబ్బా వచ్చింది, ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. మరి బయటి సర్వర్లను ఎందుకు అడగలేదంటే, ఈ టైమ్ సేవ స్వభావమే అంత. ఒక సర్వర్ పేరు మనం రాసిపెడితే ఇక దానికోసమే చూస్తుంది. తనతో వచ్చే ఫాల్‌బ్యాక్ జాబితాను, మనం ఏమీ రాయనప్పుడు మాత్రమే తీస్తుంది.

పై పెట్టింది మేడ గదిలో, ట్యాంకుకి దగ్గరని. ఆ గదికి ఇన్వర్టర్ లైను లేదు. కాబట్టి ప్రతి కోతా దాని గడియారంలోంచి అంత కాలాన్ని తీసేసింది. క్యాలెండర్ ముందేసుకుని ఆ కోతల కాలమంతా లెక్క కట్టాను. దసరాకీ సంక్రాంతికీ వైజాగ్ వెళ్లినప్పుడు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేశారు, ఆ రెండు ప్రయాణాలే ఇరవై రోజులు. మిగతా కోతలు, తుపాను గాలికి లైను తెగిన రోజులతో కలిపి, మూడు రోజుల పైచిలుకు. గడియారం చెబుతున్న వెనకబాటుకి ఒక్క రోజు లోపు తేడాతో లెక్క కలిసింది. ఆ తేడా రాత్రి నిద్రలో పోయి వచ్చిన కరెంటుదై ఉంటుంది. "మనం పడుకున్నప్పుడు పోయిందాన్ని ఎవరు రాస్తారు బాబూ" అన్నారు మాస్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గడియారం ఎప్పుడూ తప్పే అయితే మెయిళ్లు కొన్నాళ్లు ఎలా పోయాయి?

జీమెయిల్ సర్వర్ చూపించే సర్టిఫికెట్‌కి ఒక పుట్టిన తేదీ, ఒక గడువు తేదీ ఉంటాయి. గూగుల్ సర్టిఫికెట్ల ఆయుష్షు సుమారు మూడు నెలలు, గడువుకి చాలా ముందే కొత్తవి పెడుతుంటారు. ఉదాహరణకి ఇవాళ 30వ తేదీ అనుకుందాం. మన పై దృష్టిలో ఇవాళ ఇంకా 6. సర్వర్ చూపిస్తున్న సర్టిఫికెట్ 14న పుట్టింది. దాని లెక్కలో అది రేపెప్పుడో పుట్టబోయే సర్టిఫికెట్, నమ్మదు, కనెక్షన్ తెంచేస్తుంది. ఇంకో ఎనిమిది రోజులు పోతే పై కూడా 14కి చేరుతుంది. అదే సర్టిఫికెట్, అదే పాస్‌వర్డ్, మెయిల్ పోతుంది. గూగుల్ మళ్లీ కొత్తది పెట్టేదాకా పోతూనే ఉంటుంది. పైగా గూగుల్‌కి సర్వర్లు బోలెడు, అన్నిటిలో ఒకే గంటకి మారాలని లేదు. అందుకే ఒకే రోజు పొద్దున పోయి సాయంత్రం పోకపోవడమూ ఉంది. గడియారం గంటల్లో వెనకబడి ఉన్నంత కాలం ఈ ఇబ్బంది కనిపించలేదు, రోజులు వారాలయ్యాకే బయటపడింది. పాస్‌వర్డ్ మార్చిన కొన్నాళ్లకు మెయిళ్లు రావడం వెనక కథ ఇదే.

సర్వర్ మనల్ని కాదనడం వేరు, మనం సర్వర్‌ని కాదనడం వేరు. 535 అని వస్తే సర్వర్ మన పేరూ పాస్‌వర్డూ ఒప్పుకోలేదని. 534 వచ్చి అప్లికేషన్ స్పెసిఫిక్ పాస్‌వర్డ్ అంటే, మామూలు పాస్‌వర్డ్ పెట్టారని. టైమౌట్ అయితే అసలు అక్కడిదాకా చేరలేదని. సర్టిఫికెట్ ఎర్రర్‌లో తలుపు మూసింది మన పై. పాస్‌వర్డ్ చెప్పే దశ ఇంకా రానే లేదు. లాగ్‌లో ఆ ఒక్క వరుస చదివి ఉంటే పాస్‌వర్డ్ ఎవరూ ముట్టుకునేవారు కాదు. కానీ అబ్బాయికి బెంగళూరు నుంచి లాగ్ చూసే దారి లేదు. కేబుల్ ఆయన ఇచ్చే కనెక్షన్‌లో బయటినుంచి లోపలికి వచ్చే వీలుండదు. అతనికి ఇంటి గురించి తెలిసేది మెయిల్ ద్వారానే, ఆ మెయిలే రావడం లేదు.

అనుమానం మిగలకూడదని చిన్న పరీక్ష చేశాను. పై గడియారం సరిచేసి టెస్ట్ నొక్కితే మెయిల్ పోయింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే పనిముట్టుతో ఆ క్షణాన సర్వర్ చూపిస్తున్న సర్టిఫికెట్ పుట్టిన తేదీ చూసి, గడియారాన్ని దానికి ముందు రోజు తేదీకి, వెనక్కి జరిపి మళ్లీ నొక్కాను. అక్షరం పొల్లుపోకుండా అదే ఎర్రర్.

సెంట్‌లో ఉండి కూడా కనిపించని మెయిళ్ల ముడి కూడా దీంతోనే విడిపోయింది. మెయిల్ మీద తేదీ వేసేది పంపే యంత్రం. మాస్టారి ఫోనులోనూ అమ్మాయి ఫోనులోనూ ఉన్న మెయిల్ యాప్‌లు ఆ తేదీ ప్రకారమే వరుస పెడతాయి. ఇవాళ వచ్చిన మెయిల్ ఇరవై నాలుగు రోజుల కింద, పాత ఆఫర్ల మెయిళ్ల మధ్యన పడి ఉంది. అంత కిందికి ఎవరు దిగుతారు? వెతికి చూపిస్తే మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఏటి, ఇవన్నీ వచ్చాయా!" అన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఎర్రర్ కోసం నెట్‌లో వెతికితే వెరిఫై ఎస్‌ఎస్‌ఎల్ అన్న సెట్టింగ్‌ని ఫాల్స్ చేయమనే సలహా చాలా తేలిగ్గా దొరుకుతుంది. చేస్తే మెయిల్ వెంటనే పోతుంది, ఎర్రర్ మాయమవుతుంది. దాంతోపాటు అవతల ఉన్నది నిజంగా జీమెయిలేనా అని చూసే పనీ మాయమవుతుంది. మధ్యలో ఎవరు కూర్చున్నా వాళ్లకి మన యాప్ పాస్‌వర్డ్ అప్పగించేస్తాం. నేను ఏ ఇంట్లోనూ అది చేయను.

సరిచేసినవి

గడియారం సరిచేయడం ఒక్క కమాండ్ పనే, కానీ దానికి ముందు డేటాబేస్ కాపీ తీసి పక్కన పెట్టాలి. హోమ్ అసిస్టెంట్ మామూలుగా పది రోజుల చరిత్రే ఉంచుకుని, తెల్లవారుజామున నాలుగు దాటాక పాతది చెరిపేస్తుంది. గడియారం ఒక్కసారిగా 24 రోజులు ముందుకు దూకితే ఉన్నదంతా పాతదే అయిపోతుంది, ఆ తెల్లవారికి వివరమైన చరిత్రంతా పోతుంది. ఫ్రిజ్ గ్రాఫ్ నాకింకా కావాలి కాబట్టి ముందే కాపీ తీశాను.

టైమ్ సర్వర్ల చోట పాత రౌటర్ చిరునామా తీసేసి, ఇండియా ఎన్‌టీపీ పూల్ (ఎవరడిగినా టైము చెప్పే సర్వర్ల సమూహం) పేర్లు పెట్టాను. రాస్ప్‌బెర్రీ పైకి బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలించాను. ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూగా తేడా వచ్చే చిప్ అది, ఇంటికి చాలు. చవకగా దొరికే నీలం బోర్డులతో ఒక ప్రమాదం ఉంది. అందులో బ్యాటరీని ఛార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది, మనం వేసేదేమో ఛార్జ్ చేయకూడని సీఆర్2032. ఆ దారిలో ఉన్న రెసిస్టర్ తీసేయాలి, లేదా ఛార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 వేయాలి. నేను రెసిస్టర్ తీసేశాను.

గడియారం కుదిరాక కూడా ఒక రకం మెయిల్ రాదని నాకు తెలుసు: కరెంటు పోయిందని చెప్పే మెయిల్. కరెంటు పోగానే పై పోతుంది. దాన్ని కింద హాల్లోకి తెచ్చి ఇన్వర్టర్ లైను మీద పెట్టాను. చూస్తే ఫైబర్ డబ్బా కూడా ఇన్వర్టర్ లేని పాయింట్ మీదే ఉంది. దాన్నీ మార్చాను. రెండూ కలిపి ఇరవై వాట్ల చుట్టుపక్కలే, బ్యాటరీకి బరువేమీ కాదు. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, యూపీఎస్ మోడ్‌కీ మామూలు మోడ్‌కీ. మామూలు మోడ్‌లో మారేటప్పుడు ఫ్యాన్లకీ లైట్లకీ తెలియనంత చిన్న ఖాళీ వస్తుంది, పై మాత్రం ఆ ఖాళీలో రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టాను.

అయినా చాలదు. కరెంటు పోతే వీధి మొదట్లో కేబుల్ ఆయన పెట్టిన పెట్టె కూడా కాసేపటికి ఆగిపోతుంది. మన ఇంట్లో అన్నీ వెలుగుతుంటాయి, నెట్ మాత్రం ఉండదు. హోమ్ అసిస్టెంట్‌లో మెయిల్ పంపే భాగానికి అవుట్‌బాక్స్ లేదు. ఆ క్షణంలో సర్వర్ అందకపోతే లాగ్‌లో ఎర్రర్ రాసి ఊరుకుంటుంది. ఉత్తరం ఇచ్చి రమ్మంటే, వెళ్లి, తలుపు తాళం చూసి, ఉత్తరం అక్కడే చింపేసి వచ్చే మనిషి లాంటిది. ఆటోమేషన్‌లోనే నెట్ వచ్చేదాకా ఆగమని రాయొచ్చు, కానీ మధ్యలో రీస్టార్ట్ అయితే ఆ ఎదురుచూపు కూడా పోతుంది.

అందుకని పై మీదే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. హోమ్ అసిస్టెంట్ మెయిల్‌ని పక్కనే ఉన్న పోస్ట్‌ఫిక్స్‌కి ఇచ్చేస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు. పోస్ట్‌ఫిక్స్ దాన్ని డిస్క్ మీద క్యూలో పెట్టుకుని జీమెయిల్‌కి పంపడానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ, తర్వాత ఇంకాస్త ఆగి మళ్లీ. రీస్టార్ట్ అయినా క్యూ పోదు. మూడు జాగ్రత్తలు తీసుకున్నాను. అది ఈ యంత్రం లోపలి నుంచి వచ్చిన మెయిల్ మాత్రమే తీసుకోవాలి, లేకపోతే ఊళ్లోవాళ్ల స్పామ్ మన పేరు మీద పోతుంది. గుప్త కనెక్షన్‌కి సంబంధించిన టీఎల్‌ఎస్ స్థాయి సెక్యూర్‌లో ఉండాలి, దాని మామూలు అమరికలో సర్టిఫికెట్ గట్టిగా పరీక్షించదు. మూడోది, మెయిల్ క్యూలో ఎంతకాలం ఉండాలన్నది. మామూలుగా ఐదు రోజులు. ఐదు రోజుల కిందటి ఫ్రిజ్ కబురు ఇప్పుడొచ్చి ఎవరికేం లాభం? ఒక రోజుకి తగ్గించాను. మెయిల్ సబ్జెక్టులోనే ఏం జరిగింది, ఎన్ని గంటలకి అన్నది వచ్చేలా మార్చాను. లేకపోతే కోత తర్వాత ఆలస్యంగా వచ్చిన మెయిల్ చూసి, ఫ్రిజ్ ఇప్పుడే వేడెక్కిందని అమ్మాయి టెన్షన్ పడి ఫోన్ చేస్తుంది.

ఫ్రిజ్ ఆటోమేషన్‌లో కూడా ఒక లొసుగు కనిపించింది. 8 డిగ్రీలు దాటి అరగంట ఉంటే అన్న షరతులో ఆ అరగంట లెక్క రీస్టార్ట్‌తో సున్నా అవుతుంది. ఇరవై ఐదో నిమిషంలో రీస్టార్ట్ అయితే మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు హద్దు దాటిన టైమును ఒక హెల్పర్‌లో (హోమ్ అసిస్టెంట్‌లో విలువ దాచుకునే చోటు) రాసి పెట్టి, ఐదు నిమిషాలకోసారి దానితో పోల్చుతున్నాను. హెల్పర్ విలువ రీస్టార్ట్ తర్వాత కూడా అలాగే ఉంటుంది.

ఇంత చేసినా, ఇల్లు మొత్తం చీకటైతే ఆ సంగతి ఇల్లే చెప్పలేదు. మెయిల్ రాలేదంటే అంతా బాగుందనా, మెయిల్ పంపేదే పోయిందనా? అవతలివాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని కాపలా బయట పెట్టాను. పై ఐదు నిమిషాలకోసారి హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ అనే సేవకి ఒక పలకరింపు పంపుతుంది. అరగంట పలకరింపు అందకపోతే ఆ సేవే తన సర్వర్ల నుంచి అబ్బాయికీ అమ్మాయికీ మెయిల్ పంపుతుంది. ఇంటి జీమెయిల్‌తోనూ, ఇంటి నెట్‌తోనూ దానికి పని లేదు. అరగంట ఎందుకంటే, ఇక్కడ నెట్ పది నిమిషాలు పోయి రావడం మామూలు. ప్రతిసారీ మెయిల్ వస్తే వారంలోగా ఎవరూ చూడరు.

మెయిన్ స్విచ్ ఆపి చూడటం

అన్నీ అమర్చాక టెస్ట్ బటన్ నొక్కి వచ్చేయడం నాకు ఇష్టం ఉండదు. టెస్ట్ బటన్ నొక్కేది కరెంటూ నెట్టూ అన్నీ బాగున్నప్పుడు. మెయిల్ కావాల్సింది అవి బాగా లేనప్పుడు. మాస్టారి దగ్గర అనుమతి తీసుకుని మెయిన్ ఆపాను. పై రీస్టార్ట్ కాలేదు. కరెంటు పోయిందన్న మెయిల్ అబ్బాయికి వెంటనే చేరింది. తర్వాత ఫైబర్ డబ్బా ప్లగ్గు పీకాను, వీధి పెట్టె ఆగినట్టుగా. ఫ్రిజ్ సెన్సర్‌ని తీసి వంటగది గట్టు మీద పెట్టాను. అరగంట దాటాక మెయిల్‌క్యూ కమాండ్ ఇస్తే మెయిల్ క్యూలో కూర్చుని ఉంది. ఈలోగా బయటి కాపలా తన మెయిల్ తను పంపిందని బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. డబ్బా ప్లగ్గు పెట్టాక క్యూ దానంతటదే ఖాళీ అయింది. మెయిల్ మీద తేదీ సరైనది, సబ్జెక్టులో హద్దు దాటిన టైము ఉంది. చివరికి నెట్ తీసేసి, పైని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేశాను. కొత్త మాడ్యూల్ నుంచి టైము తీసుకుని సరిగ్గానే లేచింది.

ఇన్వర్టర్ బ్యాటరీ పాతబడింది, మారిస్తే మంచిదని చెప్పాను. అది వాళ్లు వేసవి ముందు చూసుకుంటామన్నారు. వీధి పెట్టెకి బ్యాటరీ పెట్టమని కేబుల్ ఆయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మిగిలిన పని అబ్బాయిది. ఆ జీమెయిల్ ఖాతాలో, అప్పట్లో ఒకసారి రద్దయినవి పోగా, అతను తర్వాత తీసిన యాప్ పాస్‌వర్డ్‌లు అన్నీ ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో కొన్ని పక్కింటి కుర్రాడి ఫోనులో మెసేజ్‌లుగా కూడా ఉన్నాయి. పోస్ట్‌ఫిక్స్ వాడుతున్న ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయమన్నాను. ఆ రాత్రే తీసేశాడు.